పద్నాలుగు మంది మగవాళ్లు

“ఎలాగూ ఖాళీగానే ఉన్నావుగా, పేపర్ల చివర్లో ఉండే అనుబంధాలు కూడా ప్రింట్ తీసి ఒక్కోదానికీ పిన్ను కొట్టేయ్,” అన్నాడు భర్త, నోట్లో బ్రష్షు, చేతిలో ఫోను.

ఆమె ఖాళీగా లేదు. ఒక పొయ్యి మీద పాలున్నాయి, రెండో పొయ్యి మీద కుక్కరుంది, వాషింగ్ మెషీన్లో అతని తెల్లకోట్లు నానుతున్నాయి, భోజనాల బల్ల మీద అతని పదకొండేళ్ల పరిశోధన కట్టలు కట్టలుగా పరిచి ఉంది. శుక్రవారం అతనికి ప్రొఫెసర్ పోస్టు ఇంటర్వ్యూ. ఏ పేపరు ఏ జర్నల్లో వచ్చింది, దాన్ని ఎంతమంది తమ పేపర్లలో పేర్కొన్నారు, ఆ జర్నల్ స్థాయి ఎంత, అన్నీ వరసలుగా చేసి పెట్టే పని మూడు వారాలుగా ఆమెదే. అయినా ఆ మాటకి ఆమెకి కోపం రాలేదు. పెళ్లయి ఎనిమిది నెలలు. ఎనిమిది నెలలకి మనిషికి కోపం ఇంకా అలవాటు కాదు. ఆదివారం ఎండ కిటికీ ఊచల్లోంచి వచ్చి బల్ల మీద గీతల కాగితం పరిచినట్టు పడింది. ఆ గీతల మీద కాగితాలు సర్ది, కొత్త స్టేప్లర్‌ని ఒక్క నొక్కు నొక్కితే టక్కుమని వచ్చే చప్పుడుంది చూశారూ, ఆ చప్పుడుకే ఆమె మనసు తేలిక పడిపోయేది. ఇద్దరి చెప్పులూ గుమ్మం దగ్గర పక్కపక్కన కనిపించినా అంతే, ఉతికిన దుప్పటి ఇద్దరూ చెరో కొసా పట్టుకుని మడత పెట్టినా అంతే.

ఆ ఇంట్లో పొద్దున్నే అందరికంటే ముందు లేచేది ఒక అంకె. అతను కళ్లు నులుముకోకముందే ఫోన్లో సైటేషన్ల పేజీ, తన పరిశోధనని ఎంతమంది పేర్కొన్నారో చూపే పేజీ, తెరుస్తాడు. హాల్లోంచి అత్తగారు అడుగుతారు.

“ఇవాళెంతరా?”

“నాలుగొందల పన్నెండమ్మా.”

“నిన్న పదకొండేగా.”

“ఒకటి పెరిగింది.”

ఆవిడ తృప్తిగా న్యూస్‌పేపరు మడిచి పక్కన పెడతారు. గోడ అవతల పక్కింటావిడ నెలల తరబడి ఇది వింటూ, ఒకరోజు మెట్ల దగ్గర ఆమెని ఆపి, “నాలుగొందలంటే మాటలు కాదమ్మా, చిన్న వయసు, ముందు మీ ఆయన చేత పంచదార మాన్పించు,” అని బతిమాలింది. ఆ రోజు మొగుడూ పెళ్లాలు మంచం మీద పడి కడుపు పట్టుకుని నవ్వారు.

నాలుగు వందల పన్నెండూ ఒక్క పేపర్‌కి వచ్చినవే. ఆపరేషన్ అయ్యాక నొప్పి తగ్గడానికి ఇచ్చే ఒక ఇంజెక్షన్ కిడ్నీలని ఎంత దెబ్బతీస్తుందో, నాలుగు ఆసుపత్రుల్లో పదకొండు వందల నలభై మంది రోగుల వివరాలు తీసుకుని లెక్కగట్టిన పేపరది. ఆడవాళ్లలో నూటికి ఏడుగురికి ఇబ్బంది వచ్చింది, మగవాళ్లలోనూ నూటికి ఏడుగురికే వచ్చింది, కనుక ఇద్దరికీ ఒకే మోతాదు ఇవ్వవచ్చు అని అది తేల్చింది. డాక్టర్లకి ఇలాంటి సులువైన మాటంటే ప్రాణం. రెండేళ్లలో ఎక్కడెక్కడి వాళ్లో ఆ మాటని ఎత్తి తమ పేపర్లలో పెట్టుకున్నారు.

రచయితలు తొమ్మిది మంది. మొదటి పేరు అతనిది, చివరి పేరు వాళ్ల విభాగాధిపతిది. ఆయన్ని అందరూ పెద్ద డాక్టరు అంటారు. మధ్యలో వాళ్లలో ఒకాయన పాత కేసు కాగితాలు దాచుకోవడానికి గది తాళం ఇచ్చాడు. ఇంకొకాయన పెద్ద డాక్టరుగారి స్నేహితుడు, ఆయన ఏం ఇచ్చాడో ఎవరికీ తెలియదు. పేపర్ చివర, నిధులిచ్చిన సంస్థకీ జిరాక్స్ గదికీ మధ్య, “డేటా నమోదులో సహకరించినందుకు కృతజ్ఞతలు” అని ఆమె పేరుంది.

అప్పట్లో ఆమె అక్కడ ప్రాజెక్ట్ అసిస్టెంటు. స్టాటిస్టిక్స్‌లో ఎమ్మెస్సీ. విభాగంలో అందరూ లెక్కలమ్మాయి అనేవారు. నాలుగు ఆసుపత్రుల నుంచి నాలుగు తీరుల్లో వచ్చిన కాగితాలని ఒక దారికి తెచ్చింది, తేలని చోట ఆసుపత్రులకి ఫోన్లు చేసి గంటలు గంటలు వేచి ఉంది, ఏ పరీక్ష వాడాలో నిర్ణయించింది, పట్టికలు గీసింది, జర్నల్ వాళ్లు ఇరవై రెండు ప్రశ్నలు వేస్తే ఇరవై రెండింటికీ జవాబులు రాసింది. రచయితల వరస ఖరారు చేసే రోజున ధైర్యం కూడగట్టుకుని పెద్ద డాక్టరుని అడిగింది. ఆయన కసురుకోలేదు. ముచ్చటగా నవ్వారు. “లెక్కలు చేసినవాళ్ల పేర్లన్నీ పెడుతూ పోతే కాలిక్యులేటర్ పేరు కూడా పెట్టాలి కదమ్మా,” అన్నారు. గదిలో అందరూ నవ్వారు. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండేది ఒక్కటే, ఆమె కూడా నవ్వింది.

పెళ్లి కుదిరాక, ఒకే విభాగంలో భార్యాభర్తలు బాగుండదన్నారు. ఇద్దరిలో ఎవరు మానాలన్న ప్రశ్న ఎవరూ వేయలేదు. అందుకని ఆమె మానేసింది. పని మాత్రం ఆమెని మానలేదు, దారి తెలిసిన పిల్లిలా వెనకే ఇంటికొచ్చింది. కొత్త పేపర్ల లెక్కలు, విద్యార్థుల థీసిస్‌లు, అతను మాట్లాడబోయే సభలకి బొమ్మలు. జీతం లేదు, సెలవు లేదు. “మీ లెక్కలమ్మాయి చాలా బాగా చేసిందోయ్” అని ఎవరో అన్నారని అతను ఇంటికొచ్చి చెబితే మాత్రం, ఆ పూటంతా గాలిలో తేలిపోయేది.

సరే, ఆదివారం. ఆ పెద్ద పేపర్ అనుబంధం ప్రింటయి వచ్చింది. ఆమె పేజీల వరస సరిచూస్తోంది. రెండో పేజీలో, ఎవరెవరికి ఏ ఆపరేషన్ అయిందో చెప్పే పట్టిక ఉంది. ఎడమన ఆపరేషన్ల పేర్లు, పక్కన ఆడవాళ్లు ఎందరు, మగవాళ్లు ఎందరు.

గర్భసంచి తొలగింపు: ఆడ నలభై ఒకటి, మగ పద్నాలుగు.

మొదట నవ్వొచ్చింది. అచ్చుతప్పు, అనుకుంది. అతన్ని పిలిచి చూపించి ఇంకోసారి పడి నవ్వుదామని నోరు తెరిచింది కూడా. అంతలో చూపు రెండు వరసలు కిందికి జారింది. ప్రోస్టేట్ ఆపరేషన్: మగ ముప్ఫై, ఆడ పదకొండు. నోట్లో పిలుపు నోట్లోనే ఉండిపోయింది.

అచ్చుతప్పులు ఇలా జంటగా రావు. ఇది ఏమిటో ఆమెకి తెలుసు. నిలబడిన చోటే, చేతిలో కాగితంతోనే తెలిసిపోయింది. నాలుగింటిలో మూడు ఆసుపత్రుల వాళ్లు మగవాళ్లకి ఒకటి, ఆడవాళ్లకి రెండు అని అంకె వేసి పంపారు. జాబితాలో మూడోదైన ఆసుపత్రిలో మాత్రం వివరాలు రాసిన నర్సు ఎందుకో ఆడవాళ్లకి ఒకటి వేసింది, మగవాళ్లకి రెండు. ఆ నర్సుతో ఫోన్లో మాట్లాడింది ఆమే. “మా దగ్గర అంతేనండీ, మొదట్నుంచీ ఆడవాళ్లే ఒకటి” అని ఆవిడ అంటే భలే ముచ్చటేసింది. అన్నీ కలిపేముందు వీళ్ల అంకెలు తిప్పాలి అని నోట్‌బుక్కులో రాసి రెండు గీతలు కూడా కొట్టుకుంది. తిప్పలేదు.

పాత ఫైలు తెరిచి చూసింది. నాలుగు ఆసుపత్రులనీ కలిపిన తేదీ దాని మీదే ఉంది. ఆ తేదీ ఆమెకి కంఠతా వచ్చు. అతను మొదటిసారి “కాఫీ తాగుదాం వస్తారా” అని అడిగిన రోజు. క్యాంటీన్లో గంటన్నర కూర్చున్నారు. తిరిగొచ్చి కుర్చీలో కూర్చుంటే నేల మీద కాళ్లు ఆనలేదు. పెదాల మీది నవ్వు చెరగకుండానే కలిపేసింది, మీట నొక్కింది, ఇంటికెళ్లిపోయింది. నర్సు పొరపాటు లేదు, ఆసుపత్రి పొరపాటు లేదు. ఆ ఆసుపత్రి పంపిన మూడు వందల ఎనభై ఎనిమిది మంది మనుషులని అటువాళ్లని ఇటు, ఇటువాళ్లని అటు చేసింది ఆమె సంతోషం.

అంకెలు తిప్పి మళ్లీ లెక్క కట్టింది. మెషీన్లో కోట్లు జాడించడం అయ్యేలోపు జవాబు వచ్చేసింది. మగవాళ్లలో నూటికి ఐదుగురు. ఆడవాళ్లలో నూటికి తొమ్మిది మంది.

ఇద్దరికీ ఒకే మోతాదు కుదరదు. ఆడవాళ్లకి అది ఎక్కువ. రెండేళ్లుగా, ఏ ఊళ్లోనో ఆపరేషన్ బల్ల మీంచి దిగిన ఆడవాళ్లకి, “ఏం పర్లేదు, పెద్ద స్టడీ ఉంది” అనుకుంటూ డాక్టర్లు అదే సూది వేస్తున్నారు. నాలుగు వందల పన్నెండు మంది ఆ పేపర్ పేరు చెప్పుకున్నారు. గర్భసంచి తీయించుకున్న పద్నాలుగు మంది మగవాళ్లు ఆ పేజీలో రెండేళ్లుగా బారులు తీరి నిలబడి ఉంటే, నాలుగు వందల పన్నెండు మందిలో ఒక్కరికీ కనిపించలేదు. తొమ్మిది మంది రచయితలకీ కనిపించలేదు. పేరు పెట్టించుకున్నవాడు చదవడు, పేరు చెప్పుకున్నవాడూ చదవడు. చదవాల్సినది తను ఒక్కతే, తనేమో క్యాంటీన్ నుంచి అప్పుడే వచ్చింది.

అత్తగారి ముందు ఆమె అతన్ని మీరు అంటుంది, తలుపు వేస్తే నువ్వు. ఆ రోజు గదిలోకి వెళ్లి తలుపు వేసింది. అతను తల తుడుచుకుంటున్నాడు. కాగితం చూపించింది. అతనూ మొదట నవ్వాడు. “పాపం, మగాళ్లకి ఎన్ని కష్టాలు,” అన్నాడు. ఆమె నవ్వకపోయేసరికి తువ్వాలు కిందికి దించాడు. ఆమె అంతా చెప్పింది. నర్సు, అంకెలు, తొమ్మిది, ఐదు. కాఫీ సంగతి ఒక్కటి చెప్పలేదు.

“ఇంకెవరైనా చూశారా?”

అతను అడిగిన మొదటి ప్రశ్న అది. ఎంతమంది ఆడవాళ్లు అని కాదు.

“లేదు. జర్నల్‌కి రాయాలి. రేపే రాద్దాం.”

“శుక్రవారం ఇంటర్వ్యూ పెట్టుకుని రేపా? నా ఫైల్లో ఉన్నదే ఆ పేపరు. అది తీసేస్తే మిగిలింది చిల్లర. రెండేళ్లు ఎవరూ అడగనిది, ఈ ఐదు రోజుల్లో అడగరు.”

“శుక్రవారం తర్వాత రాస్తావా మరి?”

“చూద్దాం.”

ఆ చూద్దాం ఆమెకి కొత్త కాదు. ఆమె పీహెచ్‌డీలో చేరే సంగతి చూద్దాం. మళ్లీ ఉద్యోగం సంగతి చూద్దాం. స్నానాల గది తలుపు గొళ్లెం ఎనిమిది నెలలుగా చూద్దాం దగ్గరే ఉంది. ఇన్నాళ్లూ ఆ మాటలో ముద్దు వినిపించేది. ఆ రోజు మొదటిసారి తాళం పడిన చప్పుడు వినిపించింది.

తలుపు తీసేసరికి అత్తగారు బయటే ఉన్నారు, చేతిలో చిక్కుడుకాయల పళ్లెంతో. ఈనెలు తీస్తున్నట్టు ఉన్నారు గానీ ఒక్కటీ తీసి ఉండలేదు.

“ఏంటిరా, అంకె తగ్గిందా?”

“ఏం లేదమ్మా. లెక్కలో చిన్న తేడా.”

“చిన్నది కాదండీ,” అంది ఆమె.

అత్తగారు కోడలి వైపు తిరిగారు. కఠినంగా కాదు, చిన్నపిల్లకి చెప్పినట్టే. “మొగుడి చొక్కాకి గుండీ ఊడితే కుట్టాలి తల్లీ. నలుగురి మధ్యా నిలబెట్టి ఇదిగో ఊడిందని చూపిస్తామా?”

సోమ, మంగళవారాలు అతను ఎంత బాగున్నాడంటే, చెడ్డవాడైతే ఎంత సుఖంగా ఉండేదో అనిపించింది. తాగిన కప్పు తనే కడిగాడు. ఆమెకి నీలం రంగు సన్నగీత పెన్నులు ఇష్టమని అరడజను తెచ్చాడు. గొళ్లెం బిగించాడు. బిగిస్తూ స్టూలు మీంచి వెనక్కి తిరిగి, “ఏమ్మా లెక్కలూ, ఒక చిరునవ్వు,” అన్నాడు. ఆమెకి నవ్వు వచ్చేసింది కూడా, అదీ దౌర్భాగ్యం. పొద్దున్నే నాలుగొందల పదమూడు అని వినిపించింది. ఎవరో ఇంకొకరు నమ్మారన్నమాట. ఆమె వంటింట్లో గిన్నె తోముతూ, ఆ పదమూడో మనిషి పనిచేసే ఆసుపత్రి ఎలా ఉంటుందో ఊహించుకుంది. పొడుగాటి వరండా. బల్ల మీద ఒక ఆడమనిషి, ఇంకా మత్తు దిగలేదు. ఎవరి అక్కో, ఎవరి అత్తో. నర్సు వచ్చి మందు ఎక్కిస్తుంది. ఎక్కిస్తున్న చెయ్యి నర్సుదే గానీ, మోతాదు రాసింది తను. గిన్నె తళతళలాడుతున్నా తోముతూనే ఉంది.

బుధవారం సాయంత్రం అతను ఈల వేసుకుంటూ వచ్చాడు. పెద్ద డాక్టరుకి చెప్పేశాడట. ఆయన కోప్పడలేదట, పైగా మెచ్చుకున్నారట. ఇంటర్వ్యూకి ముందే మనంతట మనమే సవరణ పంపితే, చూడండి ఎంత నిజాయితీపరుడో అనుకుంటారట కమిటీ వాళ్లు. ఆయనే స్వయంగా ముసాయిదా రాసిచ్చారు.

“నువ్వు కోరుకున్నదేగా. ఇదిగో, చదువు,” అన్నాడు. ఎంత ఉత్సాహంగా ఇచ్చాడంటే, ఆమె కూడా అంతే ఉత్సాహంగా అందుకుంది. ఎంతైనా తన మనిషి, అనుకుంది. చదివింది.

నాలుగు వాక్యాలున్నాయి. డేటా నమోదు చేసిన సహాయకురాలి అజాగ్రత్త వల్ల అనుబంధంలోని ఒక పట్టికలో కొన్ని అంకెలు తారుమారయ్యాయి. రచయితల దృష్టికి రాగానే వారు సరిచేస్తున్నారు. వ్యాసం తేల్చిన ఫలితాలలో మార్పు లేదు. కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నారు. కింద విడిగా ఒక కాగితం, పొరపాటు తనదేనని సహాయకురాలు సంతకం పెట్టడానికి. పేరు ముందే టైపు చేసి ఉంది. రెండేళ్ల కిందట ఎంత అడిగినా ఎక్కని పేరు, ఈసారి అడగకుండానే ఎక్కింది.

“ఫలితాలలో మార్పు లేదా?” అంది.

“అనుబంధం వరకే కదా చెప్తున్నాం. ఫలితాలున్న అసలు పట్టిక జోలికి పోకుండా...”

“తొమ్మిదీ ఐదూ చెప్పకుండా?”

“నెమ్మదిగా ఇంకో పేపర్ వేద్దాం. కొత్త పేపర్. అదీ మనకే వస్తుంది.”

అత్తగారు సోఫాలోంచి, “చూశావా, అందరికీ బాగుండేలా ఆలోచించారు ఆయన,” అన్నారు.

ఆమె కాగితం మీంచి తలెత్తలేదు. “డేటా నమోదు అని ఎందుకు రాశారు? నేను టైపు చేశానా? టైపు చేసింది ఆసుపత్రుల వాళ్లు. నేను చేసింది లెక్క.”

“మాట మారిస్తే చిక్కు, లెక్కలూ. విశ్లేషణ అంతా నీదే అంటే, మరి రచయితల్లో ఈమె పేరెందుకు లేదని అడుగుతారు.”

“అడగనీ.”

“అడిగితే తొమ్మిది మంది కథా బయటికి లాగుతారు. పెద్ద డాక్టరుతో సహా. నా పోస్టు సంగతి దేవుడెరుగు, ఉన్న ఉద్యోగం కూడా ఊడుతుంది. నువ్వేమో ఇప్పుడు ఉద్యోగంలో లేవు. నీకు పోయేదేముంది చెప్పు?”

అతను మంచిగానే అడిగాడు. ఆమెకి పోయేదేమిటో నిజంగానే అతనికి కనిపించలేదు. కోపంతో అని ఉంటే తట్టుకునేది, ఇంత మామూలుగా, కూర కారం ఎక్కువైందా అన్నంత మామూలుగా అడిగేసరికి ఆమె నిజంగానే లెక్క వేసుకుంది. పోయేది లేదు. నిజమే. ఉన్నదంతా ఒక్కొక్కటే ఎంత మృదువుగా తీసుకున్నారంటే, తీసుకుంటున్నప్పుడు తనే చెయ్యి ఎత్తి సాయం చేసింది. పేరు అడిగితే నవ్వారు, తనూ నవ్వింది. ఉద్యోగం మానమంటే మిఠాయిలు పంచి మరీ మానింది. మంచి లెక్కకి పేరు వాళ్లది, చెడ్డ లెక్కకి పేరు తనది.

“మీరు ఈ కాగితం ఇక్కడ పెట్టి వెళ్లండి,” అంది.

గదిలో ఇద్దరే ఉన్నప్పుడు కూడా ఆమె మీరు అంటూనే ఉందని అతను తెల్లారాక, షూ లేసు కట్టుకుంటూ గమనించాడు. “ఏంటి, కొత్త మర్యాద,” అన్నాడు. ఆ వెంటనే, “సాయంత్రానికి సంతకం పెట్టి ఉంచు. నా కోసం,” అని వెళ్లిపోయాడు.

గురువారం మధ్యాహ్నం. బట్టలు ఆరేసింది. బల్ల తుడిచింది. అతని ఇంటర్వ్యూ ఫైలు పూర్తిగా సర్ది, వరస సరిచూసి, అట్ట మీద పేరు అంటించింది. ఆ పని మధ్యలో వదిలేయడానికి మనసొప్పలేదు. తర్వాత ల్యాప్‌టాప్ తెరిచి కూర్చుంది.

అత్తగారు వచ్చి ఎదురుగా కుర్చీ లాక్కున్నారు. తర్వాత, “ఆ తొమ్మిది మంది అంటున్నావు, ఎవరమ్మా వాళ్లు?” అన్నారు.

“నూటికి తొమ్మిది మంది ఆడవాళ్లండీ. ఆ మందు వల్ల కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లు. మోతాదు తగ్గిస్తే చాలామంది బాగుండేవాళ్లు.”

“చచ్చిపోతారా?”

“కొందరు. కొందరికి జన్మంతా వారానికి మూడుసార్లు రక్తం కడిగించుకోవాలి.”

ఆవిడ బల్ల మీద లేని మరకని వేలితో రుద్దారు. “వీడికి ఈ సంగతి తెలుసా?”

“డాక్టరు కదండీ.”

ఆవిడ చాలాసేపు కొడుకు ఫైలు వైపే చూశారు. ఆమెకి ఒక్క క్షణం ఆశ పుట్టింది. ఆవిడ ఇప్పుడు ఏదో అంటారు, ఒక ఆడమనిషి అనవలసిన మాట.

“నా కొడుకు కదమ్మా,” అన్నారు అత్తగారు. లేచి, కుర్చీ ఉన్నచోట పెట్టి, తన గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకున్నారు. కోడలిని ఆపలేదు. ఆపనూ లేదు, ఆశీర్వదించనూ లేదు.

జర్నల్ వాళ్ల పేజీలో, అచ్చయిన వ్యాసంలో తప్పు ఉందని తెలిపేందుకు ఒక ఫారం ఉంది. వ్యాసం పేరు, తేదీ, పట్టిక సంఖ్య. అవి తేలికే. మీకు ఈ వ్యాసంతో ఉన్న సంబంధం ఏమిటి అని ఒక గడి. రచయిత, పాఠకుడు, సంస్థ ప్రతినిధి, ఇతరులు, ఈ నాలుగింట్లో ఒకటి ఎంచుకోవాలి. ఆమె చెయ్యి అక్కడ ఆగిపోయింది. రచయిత అని నొక్కింది, తన పేరు ఆ జాబితాలో లేనందువల్ల అది ఒప్పుకోలేదు. పాఠకురాలు అనుకుందామా అంటే, ఆ మాట నిజమే, రెండేళ్లలో ఆ పేపర్‌ని నిజంగా చదివింది తనొక్కతే. ఇతరులు అన్న గడి నొక్కింది. వివరించండి అంటూ దాని కింద తెల్లగా ఖాళీ తెరుచుకుంది.

అంత ఖాళీ ఆమెకి ఎవరూ ఇవ్వలేదు ఇంతవరకు.

ఏడుపు రాలేదు. పరీక్ష హాల్లో తెలిసిన ప్రశ్న వచ్చినప్పటిలా ఒళ్లంతా నిమ్మళించింది. సాయంత్రం అతను వస్తాడు, చూస్తాడు. కేకలు వేయడు, అతను కేకలు వేసే మనిషి కాదు. “నా బతుకు తీసేశావు లెక్కలూ,” అంటాడు మెల్లగా. ఆ మాట తను జీవితాంతం మొయ్యాలి. తనకి అతనంటే ఇష్టం, అది ఈ పూటకి పోయేది కాదు. ఇష్టం అలాగే ఉంటుంది, పక్కన ఇది కూడా ఉంటుంది. రెండూ ఒక ఇంట్లో ఎలా కాపురం చేస్తాయో రేపటి సంగతి.

మూడో ఆసుపత్రి అంకెలు తను తిప్పడం మర్చిపోయిన సంగతి రాసింది. అసలు పట్టిక కూడా తప్పేనని, సరైన లెక్క తొమ్మిది, ఐదు అని రాసింది. ఆడవాళ్లకి ఇస్తున్న మోతాదు వెంటనే తగ్గించమని రాసింది. డేటా ఫైళ్లూ, లెక్క కట్టిన ఫైళ్లూ, ఇరవై రెండు ప్రశ్నలకి తను రాసిన జవాబుల మొదటి చిత్తుప్రతులూ తేదీలతో సహా జతచేసింది. పెద్ద డాక్టరు ముసాయిదాని జతచేయలేదు, సంతకం పెట్టమన్న కాగితాన్ని చింపనూ లేదు, ఉన్నచోటే ఉంచింది. రాసింది ఒకసారి చదివింది, ఒక్క మాట కూడా మార్చాలనిపించలేదు. పంపేసింది.

ఆఖరి రెండు వాక్యాలు ఇవి: “ఈ తప్పు చేసిన మనిషి పేరు మీ వ్యాసం రచయితల్లో లేదు. తప్పు దిద్దేటప్పుడు ఆ పేరు కూడా చేర్చగలరు.”